రోకటి పోటు విలువ

గుడివాడ జంక్షన్‌లో బండి కదిలేసరికి ఇంకా చీకటి విడలేదు. మాఘమాసపు మంచుకు కిటికీ ఊచలు తడితడిగా ఉన్నాయి. మీ చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఒకటుంది. మేనకోడలి పెళ్లికి మీ అక్కయ్య రాసిచ్చిన సారె చీటీ అది. చలిమిడి, అరిసెలు, సున్నుండలు, జంతికలు అన్నీ గుడివాడలోనే అయిపోతాయి. ఒక్క పద్దు కింద మాత్రం రెండు గీతలు గీసింది: తొక్కుడు లడ్డు 501, బందరులోనే చేయించాలి, దగ్గరుండి చూసుకోవాలి.

గుడ్లవల్లేరు వచ్చేసరికి తూరుపు తేటపడింది. వరి కోసిన మాగాణుల్లో ఇప్పుడు మినుము పచ్చగా పరుచుకుని ఉంది. కోతకు ముందే పదును మీద చల్లిన విత్తనం, దుక్కి లేకుండా మొలిచిన పైరు. కవుతరం, వడ్లమన్నాడు దాటాయి. పెడనలో బట్టల మూటతో ఒకాయన ఎక్కి మీ పక్కన సర్దుకున్నాడు.

"ఎందాకండీ?"

"బందరు. లడ్డు చేయించాలి."

"చేయించడమా, కొనడమా?"

"చేయించడమే. సారెకు."

"అయితే పొద్దున్నే బయల్దేరడం మంచిదయింది. దంపుడు ఎండెక్కక ముందు మొదలెడతారు. అది చూడకపోతే వెళ్లీ లాభం లేదు."

చిలకలపూడి దాటి బందరులో దిగగానే గాలి మారింది. ఒంటికి అంటుకునే ఉప్పు తేమ. ఈ తేమతో వ్యాపారం చేసిన ఊరిది. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లిషువాళ్లు వచ్చి వర్తక స్థావరం పెట్టుకున్నారు. గోల్కొండ సరుకు ఈ రేవు మీదుగా ఓడలెక్కింది. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన వేలమందిని తుడిచిపెట్టేసింది. రేవు వైభవం తగ్గింది గానీ ఊళ్లో చేతిపనులు ఆగలేదు. అద్దకం, గిల్టు నగలు, మిఠాయి. మూడూ ఇప్పటికీ ఇంటి వెనక వసారాల్లోనే బతుకుతున్నాయి.

కోనేరు సెంటరు దగ్గర ఆటో దిగి సందులోకి తిరిగితే, ముందు భాగం కొట్టు, వెనక భాగం ఇల్లు, ఆ వెనక రేకుల వసారా. కొట్టు యజమానిని ఊళ్లో అందరూ బాబాయి అంటారు, మీరూ అలాగే పిలిచారు. చెప్పులు బయట విడిచి, పంపు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుంటే గానీ వసారాలోకి రానివ్వరు. పిన్నిగారు మీ చేతికి తలకు కట్టుకోవడానికి ఒక తెల్లగుడ్డ ఇచ్చారు. "చుట్టాలైనా సరే, వెంట్రుక పడితే వాయి మొత్తం పారబోయాల్సిందే" అన్నారు.

లోపల వేడి మొహానికి కొట్టింది. రెండు గాడిపొయ్యిలు, ఒక గ్యాసుపొయ్యి. మూల నేలలో పాతిన రాతి రోలు. దాని పక్కన గోడకు ఆనించి రెండు రోకళ్లు, చేతుల జిడ్డుకు, నెయ్యికి కర్ర నల్లబడి నున్నగా మెరుస్తోంది. పైన సన్నగా యాలకుల వాసన, కింద వేగిన శనగపిండి కమ్మదనం.

పిండి దగ్గర నుంచి చూడమన్నారు బాబాయి. కొట్టులో దొరికే శనగపిండి ఆయన కొనరు. పప్పు కొని, ఎండబెట్టి, మర పట్టిస్తారు. "పిండిగా కొంటే అందులో బఠాణీ పిండి ఎంత కలిసిందో ఎవడికి తెలుసు? పప్పు అయితే కళ్లకు కనపడుతుంది" అన్నారు. జల్లించిన పిండి చిటికెడు తీసి మీ అరచేతిలో వేశారు. వేలితో రాస్తే మరీ మెత్తగా జారిపోదు, సన్నటి పలుకు తగులుతుంది. ఆ పలుకే తర్వాత నోట్లో తెలియాలట.

పిండిని నీళ్లతో ముద్దగా కలిపారు. మేస్త్రి ముద్దను గొట్టంలో కూరి, బాణలి మీద వంగి, చుట్టూ తిప్పుతూ ఒత్తాడు. లావుపాటి పూస నేతిలోకి దిగి, బుడగలు కక్కుతూ పైకి తేలింది. నూనెలో వేయించేది ఒక ధర, నేతిలో వేయించేది ఒక ధర. మీ అక్కయ్య నెయ్యే అని చెప్పి పంపింది. మేస్త్రి కళ్లు బాణలి మీద నుంచి కదలడం లేదు. కారప్పూస అయితే కరకరలాడేదాకా ఉంచొచ్చు. ఇది అలా కాదు. పసుపు రంగు బంగారు రంగులోకి తిరుగుతూ ఉండగానే చిల్లుల గరిటెతో తీసేయాలి. ఎర్రబడితే లడ్డు చేదెక్కుతుంది, పచ్చిగా ఉంటే రెండో రోజుకే పిండి వాసన కొడుతుంది. పది వాయిలు వేసినా పదింటి రంగూ ఒకటే ఉండాలి. జల్లెడ బుట్టలో ఆరుతున్న పూసను చూపించి, "ఏ వాయి ఏదో చెప్పండి చూద్దాం" అన్నాడు. చెప్పలేం. అదే అతని గొప్ప.

పూస చల్లారింది. ఇద్దరు మనుషులు లేచి, పంచెలు ఎగ్గట్టి, రోకళ్లు అందుకున్నారు. మొదటి దంపు ఇది. గుప్పెళ్లతో రోట్లో పోస్తుంటే ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు పడుతోంది. పూస విరుగుతున్నప్పుడు చిటపటమనే చప్పుడు, నలిగాక మెత్తబడిన చప్పుడు. పిండిని జల్లెడ పట్టి, పైన మిగిలిన ముక్కల్ని మళ్లీ రోట్లో వేశారు. అంతా జల్లెడ దిగేదాకా ఇదే పని. మిమ్మల్ని కూడా ఒకసారి రోకలి పట్టమన్నారు. పట్టి చూడండి. ఎత్తడం కష్టం కాదు. వదిలినప్పుడు సరిగ్గా నడిమిలో పడేట్టు చేయడం కష్టం. కాసేపటికే భుజం పట్టేసింది. వాళ్లు మాత్రం మాట్లాడుకుంటూనే దంచుతున్నారు. ఒకాయన పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. కుడి అరచెయ్యి చూపించాడు, బొటనవేలి మొదట్లో చర్మం గట్టిపడి పసుప్పచ్చగా ఉంది.

ఆ లోపల పొయ్యి మీద బెల్లం కరుగుతోంది. పిండికి సరిసమానంగా బెల్లం. కరిగాక గుడ్డలో వడకట్టారు, అడుగున ఇసుక, చెరకు పిప్పి నలుసులు మిగిలాయి. మళ్లీ పొయ్యి మీదికెక్కింది. ఇక్కడి నుంచి బాబాయే గరిటె పట్టుకున్నారు. ఈ పని మేస్త్రికి కూడా వదలరు.

పాకం మొదట పలచగా పొంగింది, గరిటెతో కొడితే అణిగింది. నురుగు ముందు తెల్లగా ఉండి, మెల్లగా గోధుమ రంగుకు తిరిగింది. బుడగలు చిన్నవై, దగ్గరపడి, పలకడం మొదలెట్టాయి. ఆయన పక్కన స్టీలు పళ్లెంలో చల్లని నీళ్లున్నాయి. గరిటె కొన నుంచి ఒక చుక్క రాల్చారు. చుక్క విడిపోయింది.

"ఇంకో పొంగు రానివ్వు" అన్నారు పిన్నిగారు చూడకుండానే.

మళ్లీ చుక్క. ఈసారి అడుగున నిలిచింది. రెండు వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ అయింది. నొక్కితే అణిగి, వదిలితే ఆకారం పోకుండా ఉంది. "మంట తగ్గించు" అన్నారాయన. పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశారు. బెల్లం ఏ రోజు ఎలా ప్రవర్తిస్తుందో గాలిని బట్టి ఉంటుంది. వానాకాలంలో దిమ్మ తేమ పీల్చి చెమర్చుతుంది, పాకానికి ఇంకాస్త మంట కావాలి. ఎండాకాలంలో తొందరగా ముదురుతుంది. ముదిరితే లడ్డు రాయి. లేతగా దిగితే మూడు రోజులకు మెత్తబడి పెట్టెలో అతుక్కుంటుంది. పాకం ఒకసారి తప్పితే పిండి, నెయ్యి, పొద్దుట్నుంచి దంచిన కూలి, అన్నీ కలిపి నష్టం. చిన్న కొట్టుకు అలాంటి రోజు నెలలో ఒకటి వస్తే చాలు, లాభం పోయినట్టే.

దంచిన పిండి పాకంలో పడింది. తెడ్డుతో కలియబెడుతుంటే ముద్ద దగ్గరపడి, బాణలి అంచుల నుంచి విడివడింది. దాన్ని తీసుకెళ్లి రోట్లో వేశారు.

ఇప్పుడు రెండో దంపు. బందరు లడ్డు అంతా ఈ దంపులో ఉంది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో పీట వేసుకుని పిన్నిగారు కూర్చున్నారు. రోకలి లేచిన క్షణంలో ఆవిడ చేయి రోట్లోకి వెళ్లి, అంచులకు ఎగబాకిన ముద్దను నడిమికి ఎగదోసి, బయటికి వచ్చేస్తోంది. వెంటనే రెండో రోకలి పడుతోంది. ఒక పోటు, ఒక చెయ్యి, ఒక పోటు, ఒక చెయ్యి. ఎవరూ లెక్క చెప్పడం లేదు, ఎవరూ ఎవర్నీ చూడడం లేదు. ఆ వరస తప్పితే ఆవిడ వేళ్లు మిగలవు. నలభై ఏళ్లుగా తప్పలేదు. నడుమ నడుమ ఎడమ చేత్తో కరిగిన నెయ్యి గరిటెడు పోస్తున్నారు. పోసిన నెయ్యిని ముద్ద తాగేస్తోంది. ఇంకో గరిటెడు, అదీ తాగేసింది. పావుగంటకు ముద్ద రంగు మారడం మొదలైంది. గరుకు పోయి నునుపు తేలింది, ముదురు బంగారు రంగు వచ్చింది. మరికాసేపటికి ఇందాక తాగిన నెయ్యిని మెల్లగా పైకి వదలడం మొదలెట్టింది. రోకలి కొన పైకి లేచినప్పుడు ముద్దకు అంటుకోకుండా చప్పున విడిపోతోంది.

"అదిగో, వదిలింది" అన్నారు బాబాయి. అప్పటికి ఇద్దరి వీపులూ తడిసి ముద్దయ్యాయి.

యాలకుల పొడి, చిటికెడు పచ్చకర్పూరం, నేతిలో వేయించిన జీడిపప్పు, కలకండ పలుకులు వేసి చేత్తో కలిపారు. ముద్ద ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఆడవాళ్లు నలుగురు చుట్టూ కూర్చుని ఉండలు కట్టారు. తక్కెట్లో వేయక్కర్లేదు, చేతికి బరువు తెలుసు. కిలోకు ఇరవై తూగేట్టు కడుతున్నారు. మీకొకటి ఇవ్వబోయి పిన్నిగారు ఆగారు. "ఇప్పుడు తింటే సగం రుచే తెలుస్తుంది. ఆరాక, రాత్రంతా నెయ్యి సర్దుకోవాలి. నిన్నటిది తినండి" అని పక్క పళ్లెంలోంచి తీసిచ్చారు. కొరికితే పళ్లకు గరుకు తగల్లేదు. నాలుక మీద పడ్డాక మాత్రం ఆ సన్నటి పలుకు తెలిసింది, తర్వాత బెల్లం, చివర్న కర్పూరపు చల్లదనం. మామూలు బూందీ లడ్డుకు ఈ నునుపు రాదు. దంచినందుకే వచ్చింది.

ఈ పని ఎవరు నేర్పారని అడిగితే బందరులో ఒకే మాట చెబుతారు. ఎప్పుడో బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీలు దీన్ని తెచ్చారని, వాళ్ల దగ్గర పనికి కుదిరిన ఇక్కడివాళ్లు నేర్చుకున్నారని. బాబాయి తాతగారు అలా రోకలి పట్టి నేర్చుకున్నవారే. నల్ల హల్వా కూడా ఇదే వసారాలో చేస్తారు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లంతో గంటల తరబడి తిప్పాలి. ఇవాళ దానికి తీరిక లేదు, సారె పని ఉంది.

పదకొండయింది. మనుషులు చద్దన్నాలకు లేచారు. మీరు ముందు కొట్టులోకి వచ్చి కూర్చున్నారు. బాబాయి గారి అమ్మాయి కంప్యూటరు ముందు ఉంది. బీకాం చదివి, రెండేళ్లు విజయవాడలో ఉద్యోగం చేసి, ఇప్పుడు కొట్టు లెక్కలు చూసుకుంటోంది. పెట్టెల మీద అంటించే చీటీలు అచ్చవుతున్నాయి. పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య, ఆకుపచ్చ చుక్క, నికర బరువు, తయారీ తేదీ, ఏ తేదీలోగా తినాలో ఆ తేదీ. విడిగా ట్రేల్లో పెట్టి అమ్మే మిఠాయికి కూడా ఆ చివరి తేదీ రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన వచ్చింది. "నాన్న మొదట విసుక్కున్నారండీ. ఇప్పుడు ఆయనే ముందు తేదీ చూసి గానీ ట్రే సర్దరు" అంది.

గోడ మీద భౌగోళిక సూచిక ముద్ర ఉన్న కాగితం అద్దంలో బిగించి ఉంది. బందరు లడ్డుకు ఆ గుర్తింపు 2017లో వచ్చింది. ఇక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం చెన్నైలోని రిజిస్ట్రీకి దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్నది. ట్రేడ్‌మార్క్ అయితే ఒక కంపెనీ సొత్తు, ఇది అలా కాదు, ఈ ఊళ్లో ఈ పద్ధతిలో చేసే అందరి ఉమ్మడి హక్కు. పదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి కూడా. ఆ రెండో సంగతి చాలామంది చిన్న తయారీదారులు పట్టించుకోరని అమ్మాయి బాధ. సంఘానికి వచ్చింది కదా, మనకూ వచ్చినట్టే అనుకుని ఊరుకుంటారు.

మీకొక సందేహం వచ్చింది. "ఇదే మేస్త్రిని తీసుకెళ్లి గుడివాడలో రోలు పాతించి చేయిస్తే?"

"తొక్కుడు లడ్డు అని అమ్ముకోండి, ఎవరూ కాదనరు. బందరు లడ్డు అని పెట్టె మీద అచ్చేయకూడదు" అంది. ఊరికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలోనే పేరు ఆగిపోతుంది. న్యాయమే. కానీ ఆ అమ్మాయి తర్వాత అన్న మాట ఇంకా ముఖ్యమైనది. "పేరు ఎవరు వాడుకోవాలో చట్టం చెప్పిందండీ. ఎంతకు అమ్మాలో, దంచే వాళ్లకు ఎంత ఇవ్వాలో చెప్పదు. అది మేమే తేల్చుకోవాలి."

ఆ లెక్క పుస్తకం తీసి చూపించింది. ఒక వరసలో పప్పు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు, యాలకులు, కట్టెలు, గ్యాసు. ప్రతి దానికీ బిల్లు ఉంది, ధర పెరిగితే పెరిగిందని చూపించొచ్చు. కొనేవాళ్లూ ఒప్పుకుంటారు, నెయ్యి ధర అందరికీ తెలిసిందే. చివరి వరస దంపుడు కూలి. దానికి బిల్లు లేదు. మనిషి పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఎన్ని వాయిలు దంచితే అంత. బేరం మొదలయ్యేది ఆ వరస దగ్గరే. పెద్ద ఆర్డరు వచ్చిన ప్రతిసారీ ఎదుటివారు ముందు అడిగేది "కొంచెం తగ్గించండి" అని. తగ్గించాలంటే మూడే దారులు. నెయ్యి తగ్గించి డాల్డా పోయాలి, పిండి మార్చాలి, లేదా రెండో దంపు సగంలో ఆపాలి. మూడోది కంటికి కనపడదు. ఉండ కట్టాక చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. వారం పోయాక ఒకటి పొడిబారి చిట్లుతుంది, రెండోది చిట్లదు.

ఆ మాట అవుతుండగానే ఫోను మోగింది. హైదరాబాదులో మిఠాయి కొట్ల గొలుసుకు సరఫరా చేసే ఒకాయన. వారానికి రెండు క్వింటాళ్లు కావాలట, ఏడాది పొడుగునా. ధర మాత్రం ఇప్పటిదానికి మూడో వంతు తక్కువ. బాబాయి ఫోను చెవికి దూరంగా పట్టుకుని విన్నారు. అమ్మాయి వేళ్లు క్యాలిక్యులేటరు మీద నడిచాయి. తల అడ్డంగా ఊపింది.

"అయ్యా, మా దగ్గర దంచేది ఇద్దరు. మీరు చెప్పిన ధరకు వాళ్లనీ పోషించలేను, మూడోవాణ్ని తేలేను. మీ ధరకు నేనిచ్చే సరుకు మీద బందరు లడ్డని రాయలేను. నెలకు యాభై కిలోలు నా ధరకు తీసుకుంటానంటే చెప్పండి, మీరు చెప్పిన రోజుకు పంపిస్తాను" అని మర్యాదగా చెప్పి ఫోను పెట్టేశారు. కోపం లేదు, బాధా లేదు. ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి మాట.

మరి మర సంగతేమిటని మీరు అడుగుతారు, అందరూ అడుగుతారు. అమ్మాయి అదీ ఆలోచించింది. కేంద్రం 2020లో మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో యంత్రాలకు బ్యాంకు అప్పు తీసుకుంటే 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ పెట్టారు. కాగితాలు సిద్ధం చేసి పెట్టుకుంది. తండ్రీ కూతుళ్లకు దీని మీద చాలా రోజులు వాదన నడిచింది. చివరకు తేలిందిది: మొదటి దంపు మరకు ఇవ్వొచ్చు. పూసను పొడి చేయడమే కదా, చేతికైనా మరకైనా తేడా లేదు, ఇద్దరి భుజాలకు సగం బరువు తగ్గుతుంది. రెండో దంపు మాత్రం రోకలిదే. అక్కడ ముద్ద వేడి, నెయ్యి పోసే వేళ, ఎప్పుడు ఆపాలో తెలియడం, ఇవన్నీ మనుషుల చేతిలో ఉన్నాయి. ఈ తీర్పు నాకు నచ్చింది. పాతదంతా పట్టుకు వేలాడడం లేదు, కొత్తదంతా మోసుకు రావడం లేదు. లడ్డు లడ్డుగా ఉండడానికి ఏ పని చేయి చేయాలో అదొక్కటీ నిలబెట్టుకుంటున్నారు.

ఇలాంటి తగవు బందరుకే పరిమితం కాదు. పసిఫిక్ మహాసముద్రం నడిమిన హవాయి దీవుల్లో చేమదుంప ఆదివాసుల అన్నం. దాన్ని ఉడికించి, చెక్క పలక మీద రాతి గుండుతో దంచి ముద్ద చేస్తారు. గట్టి ముద్దను పైఅయి అంటారు, నీళ్లు కలిపి పలుచన చేస్తే పొయి. చెక్క పలక, రాతి గుండు ఆరోగ్య నిబంధనలకు సరిపడవని అధికారులు అభ్యంతరం చెప్పేసరికి, చేత్తో దంచినదాన్ని అమ్ముకోవడమే కష్టమైపోయింది. మిల్లులో చేసినదానికి ఏ ఇబ్బందీ లేదు. దంచేవాళ్లు ఊరుకోలేదు. శాసనసభ దాకా వెళ్లి, శుభ్రతకు షరతులు ఒప్పుకుని, చేత్తో దంచిన పొయిని అమ్ముకునే చట్టం 2011లో తెచ్చుకున్నారు. మన రోటికి అంత ఆపద రాలేదు. ఇక్కడ రోలు వద్దన్నవాళ్లు లేరు. రోటి దగ్గర నిలబడే మనిషికి తగినంత ఇచ్చేవాళ్లే తక్కువ.

మధ్యాహ్నం దాటాక మీ పెట్టెలు సర్దడం మొదలైంది. ఉండలు పూర్తిగా ఆరాయో లేదో ఒక్కొక్కటీ చూసి, బటర్ కాగితం పరిచి, వరసలుగా పేర్చి, ఒక్కో పెట్టె తూచారు. 501 లడ్డంటే పాతిక కిలోల పైమాట. రేపు సాయంత్రానికి గుడివాడ చేరతాయి, ఎల్లుండి సారెలోకి వెళ్తాయి. బిల్లు వేసి, 5 శాతం జీఎస్టీ కలిపి మీ చేతికిచ్చింది అమ్మాయి. బేరం మీ నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. గుడివాడ బజారులో పుట్టి పెరిగిన అలవాటు. ఆడొద్దు. అడ్వాన్సు పోను మిగిలిన సొమ్ము చెప్పినంతా ఇచ్చేయండి.

డబ్బు లెక్కపెట్టుకుంటూ బాబాయి అసలు భయం చెప్పారు. ధర తగ్గడం కాదు ఆయన భయం. మూఢం. ముహూర్తాలుంటే రోజుకు మూడు రోళ్లకైనా పని ఉంటుంది. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి, దంచేవాళ్లకు వారానికి రెండు రోజులే పని. అప్పుడు ఒకరు రొయ్యల చెరువుల మీదికి పోతారు, ఒకరు ఆటో తోలతారు. అక్కడ నికరంగా డబ్బు వస్తుంటే తిరిగి రోకలి పట్టడానికి ఎందుకొస్తారు? కిందటిసారి వెళ్లినవాళ్లలో ఒకతను మళ్లీ రాలేదు. కొత్తవాణ్ని తెచ్చి నేర్పాలంటే ఏడాది పడుతుంది, ఆ ఏడాది జీతమిచ్చి పోషించాలి. కొట్టు నిలబడడమా, మూతపడడమా అనేది పెళ్లిళ్ల రోజుల్లో తేలదు, ఎవరికీ లడ్డు అవసరం లేని ఆ రెండు మూడు నెలల్లో తేలుతుంది.

కాబట్టి నా మనవి గుడివాడ, పామర్రు, అవనిగడ్డ వాళ్లందరికీ. బందరు లడ్డు మీద ప్రేమ ఉంటే సారెకు కొన్నప్పుడు బేరం మానండి. అంతకంటే ముఖ్యంగా, మూఢంలో కొనండి. పిల్లాడి పుట్టినరోజుకో, పై చదువుకు వెళ్లేవాడి సంచిలోకో, ఊరికే సాయంత్రం కాఫీ తర్వాత ఒకటి తినడానికో, నెలకు కిలో చాలు. ఒక్కో ఇల్లు అలా ముందే చెప్పి పెట్టుకుంటే, ఖాళీ రోజుల్లో కూడా ఆ ఇద్దరికీ కూలి పడుతుంది, మూడోవాడికి నేర్పడానికి తీరిక దొరుకుతుంది. బిల్లు వెనక మీ పేరు, ఫోను నంబరు, మూఢంలో నెలకు ఒక కిలో అని రాసి అమ్మాయికి ఇవ్వండి. ఆ అమ్మాయి లెక్క పుస్తకంలో అలాంటి పేర్లకు ఇప్పటికే ఒక పేజీ తెరిచి ఉంచింది.